రేడియో పెట్టె మీద ఎర్రమచ్చలు

హిందూపురం రైలు స్టేషన్‌కు తూర్పున, బెల్లం మండీల వెనుక సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి పేరుపలక లేదు. తలుపు తెరవగానే లక్క, స్పిరిట్ కలిసిన వాసన వీధిలోకి వచ్చేది కాబట్టి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు పలక అవసరం కూడా కలగలేదు. అందులో పనిచేసే పౌలు వడ్రంగి కాడు. రేడియోలు బాగుచేయడం అతనికి రాదు. పాత రేడియో పెట్టెల చెక్క మెరుగు పోతే, అది తయారైననాడు ఎలా ఉండేదో అలాగే తిరిగి తేవడం ఒక్కటే అతనికి తెలిసిన విద్య. 1954 నుంచి 1961 దాకా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్ళలోనూ ఆ పని చేసేవాడు అతనొక్కడే.

అతని తల్లిదండ్రులు రొళ్ల దగ్గర కూలిపని చేసుకునే క్రైస్తవులు. పదకొండో ఏట తండ్రి అతణ్ణి మిషన్‌వారి వడ్రంగి శాలలో చేర్చాడు. ఉలి పట్టడంలో పౌలు చేయి మొద్దుగా ఉండేది, కానీ ఒకే చోట గంటలకొద్దీ రుద్దగలిగే ఓపిక ఉండేది. అది గమనించి లింగప్ప మేస్త్రి అతణ్ణి మెరుగు పనికే కేటాయించాడు. తొమ్మిదేళ్ళపాటు చర్చి బెంచీలు, బడి డెస్కులు, బీరువాలు తప్ప వేరే చెక్క అతని చేతికి రాలేదు. ఒక సీసా స్పిరిట్‌కు పన్నెండు తులాల లక్క వేసి రాత్రంతా నానబెట్టాలి. పలుచని గుడ్డలో వడకట్టాలి. దూది చుట్టిన గుడ్డ ఉండతో సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటలు ఆగాలి. మేస్త్రి నేర్పిన ఈ లెక్కలను పౌలు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదు. మురికి పట్టిన బెంచీని ముందుగా గోరువెచ్చని చాకలిసోడా నీళ్ళతో తుడవాలన్నదీ ఆ పాఠాల్లో ఒకటే.

రేడియో పెట్టెలు అతనికి వెంకటేశులు ద్వారా వచ్చాయి. వెంకటేశులు బజారులో రేడియో మరమ్మతుల దుకాణం పెట్టుకున్నవాడు. అంతకుముందు పెట్టె మాసిపోతే జనం వడ్రంగిని పిలిచి ఉప్పుకాగితంతో గీకించి, పైన ముదురు వార్నిష్ పూయించేవారు. పెట్టె తళతళలాడేది, చెక్కలోని గీతలు మాత్రం వార్నిష్ కింద పూడిపోయేవి. పౌలు ముందుగా రేడియో ముందు భాగంలోని తిప్పే బుడిపెలను ఊడదీసేవాడు. వాటి కింద రూపాయి బిళ్ళంత మేర చెక్కకు వెలుతురు తగలదు, చేతి చెమట తగలదు. తయారైననాటి రంగు అక్కడ మాత్రమే మిగిలి ఉంటుంది. ఆ రంగును పగటిపూట నీడలో చూసి గుర్తుంచుకుని, పెట్టె మొత్తాన్నీ మెల్లగా అక్కడికి తీసుకువచ్చేవాడు. కొత్త రంగు వేస్తావా అని ఎవరైనా అడిగితే, దాని రంగు దానికి ఇస్తానని చెప్పేవాడు. తన పని గురించి అతను అంతకుమించి మాట్లాడటం ఎవరూ వినలేదు.

1961 మార్చిలో పెనుకొండ నుంచి ఆదినారాయణ అనే రైతు కబురు పంపాడు. అతని దగ్గర ఉన్నది యుద్ధానికి ముందు తయారైన విలాయతి రేడియో. దాని పెట్టె అక్రోటు చెక్కది. 1947లో బెంగుళూరు వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర అతని తండ్రి దాన్ని కొన్నాడు. తండ్రి పోయాక ఇంటి పెత్తనం తల్లి వెంకటసుబ్బమ్మది. ఆదినారాయణ భార్య ప్రమీలమ్మ కనగానపల్లిలోని పుట్టింటి నుంచి మూడో నెల బిడ్డతో సోమవారం సాయంత్రం రాబోతోంది. ఆ పైన పదకొండో రోజున ఇంట్లో బిడ్డకు ఉయ్యాల వేడుక. వచ్చే చుట్టాల కంటికి రేడియో కొత్తగా కనబడాలని ఆదినారాయణ కోరిక.

అయితే ఏటా ఆయుధపూజనాడు పూజ అందుకునే వస్తువును గడప దాటించి, పరాయి ఊరికి, అందులోనూ ఒక క్రైస్తవుడి షెడ్డుకు పంపడానికి వెంకటసుబ్బమ్మ ఒప్పుకోలేదు. పని తమ ఇంటి పంచలోనే జరగాలంది. పౌలు సరేనన్నాడు. ఆదివారంనాడు వెంకటేశులు వెళ్ళి లోపలి యంత్రాన్ని ఊడదీసి, గుడ్డ కప్పి, బుట్టలో భద్రపరిచి వచ్చాడు. సోమవారం ఉదయం పాసింజరులో పౌలు పెనుకొండలో దిగాడు.

అవి మద్యనిషేధం అమలులో ఉన్న రోజులు. స్పిరిట్ పర్మిట్ మీద, నెలకు ఇన్ని సీసాలని మాత్రమే దొరికేది. తాగేవాళ్ళు పాలిష్‌ను కూడా వదలకపోవడం వల్ల ఆ కట్టుదిట్టం. ఆ నెల పౌలు దగ్గర మిగిలినవి రెండే సీసాలు. అవి మెరుగు పెట్టడానికే సరిపోతాయి. అందువల్ల మురికి తీయడానికి స్పిరిట్ వాడకూడదని అతను రైల్లోనే నిర్ణయించుకున్నాడు.

పంచ చివర అతనికి చోటు చూపించింది రామక్క. ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఊడ్చి, కడిగి, పశువుల పని చూసుకునే మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. పశువుల కొట్టం పక్కన ఆమెకొక చిన్న గది ఉండేది. ఎవరినైనా ఒక మాట అనకుండా ఊరుకోలేని స్వభావం ఆమెది.

"ఏమప్పా, ఆ సీసాలో ఉండేది తాగితే మత్తెక్కుతాదంట కదా?" అని అడిగింది.

"మత్తు మాట అట్లుండనీ రామక్కా, కండ్లు పోతాయి."

"అట్లయితే మా పెద్దమ్మకు అందకుండా దాచిపెట్టు. కండ్లు బాగుండంగానే ఆమెకు నేను ఊడ్చిన తావు కనపడదు" అంది, వెంకటసుబ్బమ్మ ఉన్న వైపు చూస్తూ.

మధ్యాహ్నం ఆమె అతనికి నీళ్ళు దోసిట్లో పోసింది. పౌలు వంటివాడికి చెంబు చేతికివ్వకపోవడం ఆ ఇంటి పద్ధతి. కానీ అందరిలా చెంబును ఎత్తిపట్టకుండా, దాదాపు అతని చేతులకు తాకేంత కిందికి దించి, చుక్క చిందకుండా పోసింది. పౌలు ఆ సంగతి గమనించాడు.

పెట్టె అడుగున కనబడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూశాడు. వేలికి జిగురుగా తగిలింది కాబట్టి పాత పూత లక్కదేనని తేలింది. బుడిపెల కింద చెక్క లేత తేనె రంగులో ఉంది. మిగిలిన భాగమంతా దీపపు మసితో, నూనె జిడ్డుతో నల్లబడి ఉంది. రెండు పక్కలా మాత్రం అరచేయంత మేర పూత పూర్తిగా అరిగిపోయి, చెక్క బయటపడింది. ఏటా తడిగుడ్డతో గట్టిగా తుడవడం వల్ల అరిగి ఉంటుందని అతను అనుకున్నాడు. ఏ పండుగ తరువాత తుడిచారో, ఏమి పూస్తే తుడిచారో ఆలోచించలేదు. సాయంత్రం నాలుగున్నరకు సోడానీళ్ళు కలిపి, గుడ్డ ముంచి పిండి, పెట్టె నాలుగు పక్కలా తుడిచాడు. మురికి బాగా వదిలింది. తడిసిన చెక్క ఎలాగూ ముదురుగానే కనిపిస్తుంది. పైగా పంచలో వెలుతురు తగ్గుతోంది.

అంతలోనే ప్రమీలమ్మ వచ్చిన జట్కా వాకిట్లో ఆగింది. ఆడవాళ్ళు గుమిగూడారు. పళ్ళెంలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు తెచ్చి, గడప ముందు తల్లికీ బిడ్డకూ దిష్టి తీశారు. ఆ పళ్ళేన్ని మూడుదార్లు కలిసే చోట పారబోసి రమ్మని వెంకటసుబ్బమ్మ రామక్క చేతికిచ్చింది. రామక్క పంచ మీదుగా, పెట్టె పక్కనుంచే వెళ్ళింది. పౌలు పెట్టె మీద పలుచని గుడ్డ కప్పి, సాయంత్రపు బండికి స్టేషన్ దారి పట్టాడు.

మంగళవారం పదిగంటలకు అతను తిరిగి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పెట్టె మీది గుడ్డ ఎవరో తీసేశారు. ఆరిన చెక్క మీద, రెండు పక్కలా, నెత్తురు రంగులో మచ్చలు తేలి ఉన్నాయి.

జరిగింది ఆదినారాయణ చెప్పాడు. తెల్లవారి పంచ చిమ్మేటప్పుడు గుడ్డ తీసి మచ్చలను మొదట చూసి, అందరినీ పిలిచింది రామక్కే. పళ్ళెం పట్టుకుని ఆ పక్కనుంచి పోయింది ఆమె ఒక్కతే. దూరం నడవడానికి బద్ధకించి ఎర్రనీళ్ళు పంచలోనే ఒలకబోసిందని అందరూ తేల్చారు. బిడ్డ మీది దిష్టిని ఊరి బయటికి మోసుకుపోవలసిన నీళ్ళు ఇంట్లో, అదీ పూజ అందుకునే వస్తువు మీద పడ్డాయి. పైగా బిడ్డ రాత్రంతా గుక్కపట్టి ఏడ్చింది. వెంకటసుబ్బమ్మ రామక్కను వాకిట్లో నిలబెట్టి, వీధి వింటుండగా అడిగింది. మూడుదార్ల దగ్గరే పోసి వచ్చానని రామక్క మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి అడిగినప్పుడు జవాబు చెప్పలేదు. ఇక ఈ గడప తొక్కవద్దన్నారు. ఆమె మూట కట్టుకుని, ధర్మవరంలో పట్టునూలు చుట్టే చెల్లెలు నాగమ్మ దగ్గరికి పోయింది.

పౌలు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కారణం తెలుసుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. మచ్చలు రెండు పక్కలా సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒక్కొక్క మచ్చలోనూ మూడు వేళ్ళతో అడ్డంగా లాగిన చారలు ఉన్నాయి. ఒలికిన నీళ్ళు పెట్టెకు రెండు వైపులా అలా పడవు. అది పద్నాలుగు ఆయుధపూజల పసుపు. పూత అరిగిన చోట నూనెచేతులతో పూసిన పసుపు చెక్క నారల్లోకి ఇంకి, గోధుమరంగులో కలిసిపోయి, కంటికి ఆనకుండా ఉండిపోయింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఆ ఇంట్లో అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. సున్నం చేసే పనిని చాకలిసోడా కూడా చేస్తుందని వాళ్ళకు తట్టకపోవడం సహజం. తట్టవలసినవాడు పౌలు ఒక్కడే. కానీ అతనికి సోడా వాడటం నేర్పింది మిషన్ బెంచీలు. ఆ బెంచీలకు ఎవరూ ఏనాడూ పసుపు పూయలేదు.

అప్పుడే చెప్పి ఉండవలసింది. అతను నోరు తెరిచాడు కూడా. ఆదినారాయణ అతని ముఖం చూసి, "ఇది పోతాదా, పోదా? ఆ మాట చెప్పు ముందు" అన్నాడు. పోతుందని పౌలు జవాబిచ్చాడు. అడిగినదానికి జవాబు చెప్పాను గదా అని తనను తాను సమాధానపరచుకున్నాడు. పూజ పసుపును ఒక క్రైస్తవుడు నెత్తురు రంగుకు తెచ్చాడంటే, తెలియక చేశాడని నమ్మేదెవరు? మూడు ఊళ్ళలోనూ అతణ్ణి పంచ ఎక్కనిచ్చేదెవరు? ముందు మచ్చ తీసేస్తే కోపం చల్లబడుతుంది, ఆ తరువాత చెప్పవచ్చు అనుకున్నాడు. ఈ ఆలోచనలో తప్పు ఎక్కడుందో అతనికి లోలోపల తెలుసు. మచ్చ పోయేదాకా అది రామక్క పేరు మీదనే ఉంటుంది.

నిమ్మరసానికి నాలుగింతలు నీళ్ళు కలిపి, దూదితో ఒక మూల అద్దాడు. ఎరుపు కళ్ళముందే పసుపుగా మారింది. ఆ పసుపు నీటికి కరగదు, స్పిరిట్‌కు కరుగుతుంది. దాచిపెట్టుకున్న రెండు సీసాల్లో ఒకటి తెరవక తప్పలేదు. ఒక్కొక్క దూది ఉండ పచ్చబడగానే పారేసి కొత్తది తీసుకున్నాడు. బుధవారం సాయంత్రానికి అలాంటివి నలభై ఆరు అయ్యాయి. నారల్లో మిగిలిన కాస్త పచ్చదనం ఎండకే పోవాలి. అయితే పెట్టె మీద ఉన్నది కాగితమంత పలుచని అక్రోటు పొర. దాన్ని పట్టి ఉంచింది తోలు, ఎముకలు ఉడికించి చేసే వజ్రం జిగురు. మిట్టమధ్యాహ్నపు ఎండకు జిగురు మెత్తబడి పొర లేచిపోతుంది. కాబట్టి ఉదయం బండి దిగి వచ్చింది మొదలు పదకొండున్నర దాకా మాత్రమే పెట్టెను వాకిట్లో పెట్టి, ప్రతి పావుగంటకూ అరచేత్తో వేడి చూసి, పక్క మార్చేవాడు.

ఎండలో అలా కూర్చున్నప్పుడు రామక్క బదులు వచ్చిన కొత్త మనిషి అతని దోసిట్లో నీళ్ళు పోసింది. చెంబును భుజం ఎత్తున పట్టుకుని పోయడంతో సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. రాత్రి ఇంట్లో భార్య ఏమైందని అడిగితే కడుపు బాగాలేదన్నాడు. పనిలో ఏ కొలతనూ ఉజ్జాయింపుగా చెప్పని మనిషి, ఇంట్లో ఆ వారం రెండుసార్లు అబద్ధం చెప్పాడు.

శుక్రవారం పదకొండు గంటలకు మచ్చ ఉన్నచోటు ఏదో వేలితో చూపిస్తే తప్ప తెలియని స్థితికి వచ్చింది. వెంకటసుబ్బమ్మ బయటికి వచ్చి, పెట్టె చుట్టూ తిరిగి చూసి, పద్దెనిమిదేండ్ల మనిషి చేసిన పాడుపని పరాయివాడు సరిచేయవలసి వచ్చిందని నిట్టూర్చింది. ఆ మాటను పౌలు భరించలేకపోయాడు.

"అమ్మా, ఎర్రనీళ్ళు పడలేదు" అన్నాడు. "అది నేను చేసింది. సోడానీళ్ళతో తుడిచినా. మీరు పూజకు పూసిన పసుపు చెక్కలో ఇంకి ఉండాది. దానికి సోడా తగిలింది. రామక్క ఏమీ చేయలేదు."

ఆమె వంగి, ఒక పక్క చూసింది. నడుము పట్టుకుని అవతలి పక్కకు పోయి చూసింది. మూడు వేళ్ళు చాపి, చెక్కకు తాకీ తాకకుండా, మచ్చ ఉన్న ఎత్తులో ఆనించింది. ఏటా ఆ పసుపు పూసిన వేళ్ళు అవే.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మంగళవారం. చూస్తానే తెలిసింది."

"ఈ పొద్దు శుక్రవారం" అంది వెంకటసుబ్బమ్మ.

ఆమె గొంతు పెంచలేదు. పౌలు తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె, రామక్కను తాను రమ్మన్నానని చెప్పి తీసుకురమ్మంది. ఈ సంగతి మాత్రం ఇంట్లోనే ఉండాలంది. చుట్టాలు వచ్చేవేళ ఇది వీధిలోకి పోతే, నిజం తెలుసుకోకుండా మనిషిని వెళ్ళగొట్టారని తమ ఇంటికి మాట వస్తుంది. అతని బతుకూ చెడుతుంది. పనిమనిషి తిరిగి వస్తే ఊరికి అదే జవాబు అని ఆమె అభిప్రాయం. పౌలుకు ఆ ఏర్పాటు న్యాయంగానే తోచింది. తనకు సులభంగా ఉండటం వల్ల అలా తోచిందా అన్న అనుమానం కూడా కలిగింది.

శనివారం ధర్మవరంలో నాగమ్మ ఇల్లు కనుక్కోవడానికి అతనికి గంట పట్టింది. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో ఒక పెంకుటిల్లు. రామక్క గోడకు ఆనుకుని రాట్నం మీద పట్టునూలు చుడుతోంది. అలవాటు లేని పని కావడం వల్ల చూపుడువేలి మీద నూలుపోగు కోసిన గీతలు సన్నగా ఎర్రగా ఉన్నాయి. పౌలు నిలబడే, మొదటి నుంచి చివరి దాకా, సోడా కొలతతో సహా చెప్పాడు. ఆమె రాట్నం ఆపలేదు.

"నేను ఒలకబొయ్యలేదని నాకు తెలుసు కదప్పా" అంది చివరికి. "నువ్వు బండెక్కి వచ్చి చెప్పేదేముండాది?"

"పెద్దమ్మ నిన్ను రమ్మంటాది."

"ఎవురెవురికి చెప్పినావు?"

"పెద్దమ్మకు చెప్పినా."

"ఇంకా?"

రామక్క రాట్నం ఆపి, అతనివైపు తిరిగింది.

"నన్ను వాకిట్లో నిలబెట్టి అడిగినారు. వీధిలో ఉండే ఆడోళ్ళంతా ఇన్యారు. నువ్వు చెప్పింది ఎవురిన్యారు? ఆమె ఒక్కతే. నేనిప్పుడు వచ్చి చీపురు పట్టుకుంటే ఏమనుకుంటారు? తప్పు చేసింది, కాళ్ళు పట్టుకునింది, పెద్దమ్మ మనసు మంచిది కాబట్టి మళ్ళా పెట్టుకునింది అంటారు."

"చుట్టాలొచ్చిన నాడు అందరి ముందరా చెప్పమంటావా?"

"నేనేమీ చెప్పమనను. నీ నోరు, నీ ఇష్టం. నువ్వు చెప్పినావో లేదో చూసేదానికి కూడా నేను రాను." ఆమె మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. "నీళ్ళు తాగుతావా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా, నిండు చెంబు అతని చేతికిచ్చింది.

మిగిలిన రోజులు పౌలు మెరుగు పెట్టాడు. మిగిలింది ఒక్క సీసాయే. అందులోనే పన్నెండు తులాల లక్క వేసి, చుక్క వృథా కాకుండా తొమ్మిది పూతలు లాగాడు. పూత పడుతున్నకొద్దీ అక్రోటు గీతలు ఏటి ఇసుకలో నీళ్ళు గీసిన చారల్లా పైకి వచ్చాయి. బుడిపెల కింది తేనెరంగు పెట్టె అంతటా పరుచుకుంది. అంత మంచి పని అతను అంతకుముందు చేయలేదు. దాన్ని చూసి సంతోషం మాత్రం కలగలేదు. చేయి తిరుగుతున్నంతసేపూ, చెప్పవలసిన మాటలను మనసులో పేర్చుకునేవాడు. మాటలు రెండు మూడే. వాటి తరువాత ఏమి జరుగుతుందో మాత్రం ఎన్నిసార్లు ఆలోచించినా ఒకేలా కనబడేది.

వేడుకనాడు వెంకటేశులు యంత్రాన్ని బిగించాడు. పంచలో చాపల మీద మగవాళ్ళు, గడప లోపల ఆడవాళ్ళు. ఆదినారాయణ రేడియో పెట్టి, దీన్ని కొని పద్నాలుగేళ్ళయిందంటే ఎవరూ నమ్మరని పౌలును ముందుకు పిలిచాడు. ధర్మవరం నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఓబుళప్ప పెట్టె మీద గోటితో తట్టి, తన ఇంట్లో గ్రామఫోను కూడా కలిసిన పెద్ద రేడియోగ్రాం ఉందనీ, వచ్చే వారమే రావాలనీ అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా తమ ఇళ్ళ గుర్తులు చెప్పారు. వెంకటసుబ్బమ్మ గడప దగ్గర నిలబడి పౌలువైపే చూస్తోంది. ఆమె తల అడ్డంగా కదిలిందో లేదో, అంత దూరం నుంచి అతనికి సరిగ్గా తెలియలేదు.

పౌలు ఆదినారాయణను అడిగి రేడియో ఆపించాడు.

"దీని మీద ఎర్రమచ్చలు పడిన సంగతి మీరందరూ ఇనే ఉంటారు" అన్నాడు. "అవి నా చేత పడినాయి. పూజ పసుపు మీద సోడానీళ్ళు పెట్టినా. రామక్క నీళ్ళు యాడ పొయ్యల్లనో ఆడనే పోసింది. ఆమె తప్పేమీ లేదు."

లోపల ఎవరో బిడ్డను జోకొట్టడం ఆపారు. ఆదినారాయణ ముఖం కందిపోయింది.

"పూజ పసుపని తెలిసీ సోడా పెట్టినావా?" అని ఓబుళప్ప అడిగాడు.

"తెలీక పెట్టినా సామీ. తెలిసినాంక మూడు దినాలు చెప్పకుండా ఉన్న్యా."

ఆదినారాయణ మళ్ళీ రేడియో పెట్టాడు; ఎవరో శబ్దం పెంచమన్నారు. పౌలు తన గుడ్డలు, సీసాలు సంచిలో సర్దుకున్నాడు. భోజనానికి ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ప్రమీలమ్మ మాత్రం, బిడ్డను ఎత్తుకుని, గడప దాకా వచ్చి, "రామక్క వస్తుందా?" అని మెల్లగా అడిగింది. తెలియదని అతను చెప్పాడు.

ఓబుళప్ప నుంచి కబురు రాలేదు. పెనుకొండలో గుర్తులు చెప్పిన ఆ ఇద్దరూ ముదురు వార్నిష్ పూయించుకున్నారని వెంకటేశులు చెప్పాడు. తన దుకాణానికి వచ్చే పెట్టెలను కూడా అతను పౌలు దగ్గరికి పంపడం తగ్గించాడు. స్నేహం చెడలేదు గానీ, జనం అడుగుతున్నారని అన్నాడు. పౌలు మళ్ళీ మిషన్ బడి డెస్కులకు మెరుగు పెట్టసాగాడు. ఏప్రిల్‌లో ఒక శనివారం, చేతిలో పని లేనప్పుడు, ధర్మవరం బండి ఎక్కాడు.

వేడుకనాడు అందరి ముందరా నిజం చెప్పానని రామక్కకు చెప్పాడు. ఆమె ముందులా రాట్నం తిప్పుతూనే వింది. వేళ్ళ మీది గీతలు అప్పటికి కాయకట్టాయి. తరువాత ఆమె ఎవరెవరు ఉన్నారని అడిగింది. పౌలు తనకు తెలిసినంతలో ఒక్కొక్కరినీ చెప్పాడు; పేరు తెలియనివారిని తలపాగా రంగుతోనో, కూర్చున్న చోటుతోనో గుర్తు చెప్పాడు. ఒక్కొక్కరికీ ఆమె తల ఊపుతూ వచ్చింది. వెంకటసుబ్బమ్మ రెండుసార్లు మనిషిని పంపిందనీ, తాను పోలేదనీ, ఇక పోననీ మధ్యలో చెప్పింది.

"పిండిమిషన్ ఓబులమ్మ వచ్చిండెనా?" అని అడిగింది.

ఆమె ఎవరో తనకు తెలియదన్నాడు.

"పెనుకొండలో మా వీధి చివర పిండిమిషన్ వాళ్ళది. మూట ఎత్తుకొని నేను పోతాంటే తలుపుకాడ నిలబడుకొని నవ్వె." రామక్క పోగు తెగిందేమో చూసుకుని ముడి వేసింది. "ఆమెను ఎవురూ పిలిచిండరులే."

లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. పౌలు తాగి, సెలవు తీసుకుని, మధ్యాహ్నపు బండి ఎక్కాడు. హిందూపురానికి తీసుకున్న టికెట్టు జేబులోనే ఉంది. బండి పెనుకొండలో ఆగినప్పుడు అతను కొద్దిసేపు కూర్చునే ఉన్నాడు. గార్డు ఈల వేసే సమయానికి దిగాడు.

ఊళ్ళోకి నడిచి పిండిమిషన్ ఎక్కడని అడిగాడు. ఆదినారాయణ ఇంటి ముందునుంచే దారి. వాకిట్లో ఎవరూ లేరు. మిషన్ ఆడుతోంది, ఆ రొదలో మాట వినబడదు. రాగులు, జొన్నలు తెచ్చిన ఆడవాళ్ళు ఏడుగురు వరసగా కూర్చుని ఉన్నారు. తూకం దగ్గర, కనుబొమలకు కూడా పిండి అంటుకుని, ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పౌలు గోడ పక్కన ఆగాడు. అందరి వంతూ అయిపోయి, ఆడవాళ్ళు తట్టలు సర్దుకునే వేళకు బెల్టు ఆగింది. ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, గింజలు యాడ?"

"గింజలు తేలేదమ్మా" అన్నాడు పౌలు. తట్ట ఎత్తుకోబోతున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఆగి అతనివైపు చూశారు. వాళ్ళకు కూడా వినబడేట్టు, అతను కొంచెం గట్టిగా మొదలుపెట్టాడు. "నేను పౌలును. హిందూపురం. రామక్క సంగతి మీకొకటి చెప్పల్ల."